హెరాల్డు కారు, దాని టాపు, దాని కాగితాలు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరినపుడు, "పెన్షను రూల్సు, డి.ఎ. బకాయిల మీద వ్రాసేవారు చాలామంది ఉన్నారు, నన్ను పాత కార్ల గురించి వ్రాయనివ్వండి" అన్నాను. ఆయన నవ్వి, "మన సభ్యుల్లో అలాంటి కార్లున్నవాళ్ళెవరండీ?" అన్నారు. నాకూ కారు లేదు, ఏనాడూ లేదు. కాని 1973లో రవాణా శాఖలో ఎల్.డి.సి.గా చేరిన నాటినుంచి 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయేదాకా ముప్పయ్యయిదేళ్ళు ఇతరుల బండ్ల కాగితాలు చూస్తూనే బ్రతికాను. ఆ అనుభవమే ఈ వ్యాసానికి పెట్టుబడి.

కారణం కూడా ఒకటి వచ్చింది. మన సభ్యులొకరి కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు ఒక ఆదివారం ఉదయం మా వీధిలోకి టాపు లేని చిన్న కారొకటి తెచ్చి ఆపాడు. చుట్టుప్రక్కల పిల్లలంతా పోగయ్యారు. "బాబాయిగారూ, స్టాండర్డ్ హెరాల్డు. బ్రిటిషు కన్వర్టిబుల్. దీనికి వింటేజి నంబరు వస్తుందా, చూసి చెప్పండి" అన్నాడు. కారు చూడకముందు కాగితాలు అడిగాను. అది నా వృత్తిదోషం. ఆర్.సి.లో బాడీ రకం అన్నచోట 'సెలూన్' అని ఉంది. సెలూన్ అంటే టాపు ఉన్న కారు. ఎదురుగా ఉన్నదానికి టాపు లేదు. ఆ ఒక్క మాట దగ్గరే మా మాటలు మధ్యాహ్నం భోజనం వేళ దాకా సాగాయి.

హెరాల్డు కథ తెలిస్తేగాని ఈ టాపు సంగతి అర్థం కాదు. ఇంగ్లండులో కవెంట్రీ పట్టణంలో స్టాండర్డ్-ట్రయంఫ్ అనే కంపెనీ ఉండేది. వారి కార్లకు బాడీలు తయారుచేసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే సంస్థను 1953లో పోటీ కంపెనీ అయిన బి.ఎం.సి. కొనేసింది. కొత్త కారు కట్టాలంటే ఇక బాడీ దొరికే దారి లేదు. అప్పటికి లోకమంతా బాడీ, ఛాసిస్ కలిపి ఒకే పెట్టెగా కట్టే పద్ధతికి మారుతున్నది. వీరు మాత్రం గత్యంతరం లేక వెనకటి పద్ధతికే వెళ్ళి, విడిగా ఒక ఛాసిస్ వేసి, దానిమీద ముక్కలు ముక్కలుగా వేరువేరు చోట్ల చేయించిన బాడీ భాగాలను బోల్టులతో బిగించారు. ఇటలీలోని టురిన్ నగరవాసి మికెలొట్టి దాని రూపం గీశాడు. 1959 ఏప్రిల్‌లో ట్రయంఫ్ హెరాల్డు పేరుతో అది బజారుకొచ్చింది. మరుసటి ఏడాది టాపు మడిచే రకం, అంటే కన్వర్టిబుల్, కూడా వచ్చింది. బలమంతా క్రింది ఛాసిస్‌లోనే ఉంటుంది గనుక పైన టాపు ఉన్నా లేకపోయినా ఆ కారు నిలబడుతుంది. సెలూన్ టాపు కూడా బోల్టుల మీద ఉన్నదే. ముందు అద్దం పైపట్టీ దగ్గర కొన్ని, వెనక డిక్కీ ముందు కొన్ని. అవి విప్పితే టాపు మొత్తం మూతలాగా లేచి వస్తుంది.

బోల్టులతో బిగించే కారు కావడం మన దేశానికి కలిసివచ్చింది. 1948లో మద్రాసులో యూనియన్ కంపెనీవారు కవెంట్రీ కంపెనీతో కలిసి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ స్థాపించారు. మొదట వాన్‌గార్డు, తరువాత స్టాండర్డ్ టెన్, పెనెంట్ వచ్చాయి. 1961 నుంచి అక్కడ హెరాల్డు తయారైంది. విదేశీ కార్ల దిగుమతి కట్టడి చేసిన ఆ రోజుల్లో దేశం మొత్తానికి కార్లు చేసేవి ప్రధానంగా మూడే కంపెనీలు. కలకత్తా వైపు అంబాసిడర్, బొంబాయి వైపు ఫియట్, మద్రాసు వైపు హెరాల్డు. మనం మద్రాసుకు దగ్గర కావడంచేత కృష్ణా, గుంటూరు జిల్లాల డాక్టర్లు, ప్లీడర్లు, మిల్లు యజమానులు కొందరు హెరాల్డు వైపే మొగ్గారు. 1968లో మద్రాసువారు నాలుగు తలుపుల మార్క్ త్రీ తెచ్చారు. ఇంగ్లండు హెరాల్డుకు ఎప్పుడూ రెండు తలుపులే, నాలుగు తలుపుల హెరాల్డు మన దేశంలోనే పుట్టింది. దాని తరువాత గజెల్ వచ్చి 1977తో ఆగిపోయింది. 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తెచ్చారు గాని అది నిలవలేదు. ఆ దశకం చివరికే ఫ్యాక్టరీ మూతబడింది. మార్క్ త్రీ, గజెల్ విడిభాగాల కోసం ఇప్పుడు ఇంగ్లండు కేటలాగులు వెదికేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వెనక తలుపు అక్కడ దొరకదు.

మా పెద్దక్కయ్య భర్త, మా బావగారు, ఉయ్యూరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. 1967లో లేత నీలం రంగు రెండు తలుపుల హెరాల్డు కొన్నారు. వెనక కూర్చునేవాళ్ళు ముందు సీటు వంచి, వంగి లోపలికి దూరాలి. పట్టుచీర కట్టుకున్న ఆడవాళ్ళకు అదొక శిక్ష. పెళ్ళిళ్ళకు వెళ్ళేటపుడు మా అమ్మ, "ఈ బోనులోకి నేనెక్కను, రిక్షాలో వస్తాను" అనేది. కాని బావగారికి ఆ కారంటే ప్రాణం. ముందు రెక్కలతో సహా బానెట్ మొత్తం ముందుకు లేచి ఇంజను నగ్నంగా కనిపించేది. ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇరుకు వీధిలో పాతిక అడుగుల వెడల్పులో వెనక్కి తిరిగిపోయేది. చెరకు బండ్లు బారులు తీరే రోజుల్లో కె.సి.పి. ఫ్యాక్టరీ దగ్గర అంబాసిడర్లు ఆగిపోతే, బావగారి హెరాల్డు సందులోనుంచి తిరిగి వెళ్ళిపోయేది. మే నెలలో బందరు రోడ్డు మీద కంకిపాడు దాటేసరికి పెట్రోలు ఆవిరై ఇంజను ఆగిపోయేది. నేను దిగి, కాలువలో తువ్వాలు తడిపి పెట్రోలు పంపు మీద కప్పేవాణ్ణి. ఆ కారుతో నాకున్న చాకిరీ అదే.

1981లో బావగారు పోయారు. కారు షెడ్డులో ఉండిపోయింది. నేను రవాణా శాఖలో పనిచేస్తున్నానన్న గర్వంతో పరుగున వెళ్ళి కారును అక్కయ్య పేర మార్పించాను. వారసులు చేయవలసిన పనే అది. ఇప్పటి నిబంధనల ప్రకారం కూడా యజమాని మరణించిన 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోగా వారసుల పేర మార్పుకు దరఖాస్తు పెట్టాలి. మన పెన్షనర్ల కుటుంబాల్లో ఫ్యామిలీ పెన్షను కాగితాలకు చేసే హడావిడిలో స్కూటరు, కారు మాట మరచిపోతున్నారు. మరువకండి.

1982లో ఆ కారును అమ్మేశాము. కొన్నది పెళ్ళి ఊరేగింపుల కాంట్రాక్టరు. అప్పట్లో మన డెల్టాలో పెళ్ళికొడుకును టాపు లేని కారులో ఊరేగించడం గొప్పగా ఉండేది. ఇప్పుడూ ఉంది. పెద్ద అమెరికా కార్లు జమీందార్ల దగ్గరే ఉండేవి, వాటి అద్దె సామాన్యుడు మోయలేడు. హెరాల్డుకు నాలుగు బోల్టులు విప్పితే చాలు, ఓపెన్ కారు అయిపోతుంది. 1983 చివర మారుతి వచ్చాక పాత హెరాల్డుల ధర పడిపోయి, ఊరేగింపులకు వెళ్ళినవి ఇంకా ఎక్కువయ్యాయి. నేను చూసిన 'కన్వర్టిబుల్' హెరాల్డులు చాలామటుకు ఇలా పుట్టినవే. మా బావగారి కారు టాపు ఆ కాంట్రాక్టరు దొడ్లో గేదెల కొట్టం మీద కప్పుగా వేసి ఉండటం నేను కళ్ళారా చూశాను. 1990 మే నెల తుపానుకు అదీ ఎగిరిపోయిందని చెప్పారు.

అమ్మిన రోజున అక్కయ్య చేత కాగితాల మీద సంతకాలు పెట్టించి, ఆఫీసులో నేనే దాఖలు చేస్తానని తీసుకోబోయాను. కాంట్రాక్టరు, "ఎందుకండీ మీకు శ్రమ, రేపు నేనే ఇచ్చుకుంటాను" అన్నాడు. నమ్మాను. రోజుకు వంద కాగితాలు తిరగేసేవాణ్ణి, ఇంటి కాగితం ఒక్కటి తిరగేయలేదు. 1984 వేసవిలో ఒక ఊరేగింపులో ఆ కారు బ్రేకులు పడక, బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించే మనిషి కాలు విరిచింది. ఇన్సూరెన్సు ఎప్పుడో తీరిపోయింది. కాంట్రాక్టరు ఊరు విడిచిపోయాడు. రిజిస్టరులో యజమానిగా ఉన్నది మా అక్కయ్య. ట్రిబ్యునల్ నోటీసు ఆమె పేర వచ్చింది. ఆ నష్టపరిహారం కట్టడానికి బావగారు మిగిల్చిన చేలో నలభై సెంట్లు అమ్మవలసి వచ్చింది. ఆ క్లారినెట్టు మనిషికి అందవలసింది అందింది, దానికి మాకు బాధ లేదు. కాని అక్కయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ నాకు ముల్లే.

రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, బాధ్యత వారిదే అని సుప్రీంకోర్టు 2018లో కూడా స్పష్టంగా చెప్పింది. ఎన్ని చేతులు మారినా సరే. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో తమ పేర మార్పించుకోవాలి. పాత కారు కొనేవారికి నేను చెప్పే మొదటి మాట ఏమిటంటే, ఆర్.సి.లో ఉన్న మనిషే మీకు అమ్ముతున్నాడా అని చూడండి. మధ్యలో ఇద్దరు ముగ్గురు సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు చేతులు మారి ఉంటే, కారు ఎంత అందంగా ఉన్నా నమస్కారం పెట్టి రండి.

ఇక ఆ అబ్బాయి కారు సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటినుంచి 50 ఏళ్ళు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలు దీనికి అర్హమైనవి. కొత్తగా రిజిస్టరు చేయిస్తే నంబరులో 'వి.ఎ.' అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. పాత నంబరున్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు. అయితే అలాంటి బండిని రోజువారీ పనులకు గాని, అద్దెకు గాని తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. పెళ్ళి ఊరేగింపుకు అద్దెకిచ్చే ఆశ ఉన్నవారు ఇది బాగా చదువుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. సెలూన్‌గా పుట్టి టాపు పోగొట్టుకున్న కారు ఈ పరీక్షలో ఎలా నిలుస్తుంది?

వింటేజి వద్దు, మామూలు రిజిస్ట్రేషనే ఐదేళ్ళకొకసారి పొడిగించుకుంటానన్నా చిక్కు అదే. పదిహేనేళ్ళు దాటిన కారుకు పొడిగింపు ఫీజు వందల్లో ఉండేది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, అటుపైన ఇంకా పెరిగింది. డబ్బు కట్టినా కారును తనిఖీకి తీసుకువెళ్ళాలి. ఆర్.సి.లో ఒకటి, ఎదుట ఒకటి ఉంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు వస్తుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి వీల్లేదని కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రక్క రాష్ట్రం నుంచి తెచ్చిన బండి కనుక అక్కడి ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం కూడా కావాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి.

ఈ మాటలన్నీ విని అబ్బాయి ముఖం వాడిపోయింది. అపుడు కారు దగ్గరకు వెళ్ళి చూశాను. నా కళ్ళజోడు తుడుచుకుని, ముందు అద్దం పైపట్టీ వెంబడి వేలు పెట్టి తడిమాను. ఒకచోట రంగు క్రింద పుట్టీ మెత్తగా తగిలింది. తాళం చెవితో గీకితే గుండ్రని కన్నం బయటపడింది. బోల్టు కన్నం! కటింగ్ టార్చితో కోసిన హెరాల్డు అయితే అక్కడ అతుకుల గరుకు ఉంటుంది, దానికి ఇక గతి లేదు. ఇది కోసింది కాదు, విప్పింది. అంటే మరొక హెరాల్డు టాపు దొరికితే తిరిగి బిగించవచ్చు. కారూ, కాగితమూ మళ్ళీ ఒకటవుతాయి. కన్వర్టిబుల్ అనుకుని కొన్న మనిషికి "టాపు వెదుకు" అని చెప్పడం కష్టంగానే ఉంది గాని, వేరే దారి నాకు తోచలేదు.

విజయవాడ ఆటోనగర్‌కు అతనితో కలిసి వెళ్ళాను. 1966లో మొదలైన ఆ ఆటోనగర్‌లో దొరకని వస్తువు లేదంటారు. నాకు తెలిసిన పాత మేస్త్రీ ఒకాయన, ఎనభై దాటినవాడు, కారు క్రింద పడుకోలేక కొడుకును పడుకోబెట్టి తాను ప్రక్కన నిలబడి చెప్పాడు. ఆయన చెప్పినవి వ్రాసుకొచ్చాను, పాత హెరాల్డు కొన్నవారెవరికైనా పనికివస్తాయి. ముందు చక్రం తిరిగే చోట క్రింద ట్రనియన్ అని ఇత్తడి రంగు దిమ్మ ఒకటుంటుంది. దానికి గ్రీజు కొట్టకూడదు, గేరు ఆయిలే పట్టించాలి. మన షెడ్లలో కుర్రాళ్ళు ఏది కనిపించినా గ్రీజు గన్ను పెడతారు. గ్రీజు గట్టిపడి లోపలి మరలకు నూనె అందక అరిగిపోతుంది, ఒకనాడు విరిగి చక్రం ప్రక్కకు మడతపడుతుంది. ఆయన ఇద్దరిని ఆ విధంగా ఆస్పత్రి పాలవగా చూశానన్నాడు. రెండోది వెనక చక్రాలు. వాటి ఇరుసులు మధ్యలోనుంచి ఊగే రకం, పైన అడ్డంగా ఒకే కమాను పట్టీ. మలుపులో వేగంగా వెళ్తూ భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటరు వదిలితే వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. మలుపు రాకముందే వేగం తగ్గించాలి. కాలువ గట్ల మీద తిరిగే మనకు ఇది కంఠస్థం కావాలి.

తుప్పు విషయంలో ఆయన చిన్న సుత్తి పెట్టి ఛాసిస్ పొడవునా కొట్టించాడు. ఖంగుమంటే మంచిది, బొద్దుమంటే లోపల పోయింది. బయటికి చాచిన చేతుల్లాంటి పట్టీలు మొదట పోతాయి, వాటి మీదే బాడీ కూర్చుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినపుడు నీళ్ళలో నానిన బండ్లు రంగు వేసుకుని ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ఛాసిస్ డబ్బాల్లో, సీటు క్రింద సన్నని ఒండ్రు ఉందేమో వేలు పెట్టి చూడండి. ఇద్దరు మనుషుల్ని లోపల కూర్చోబెట్టి తలుపులు తీసి వెయ్యండి. బిగుసుకుంటే క్రింద ఛాసిస్ వంగినట్లు.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. ఆ కాలపు బ్రిటిషు కార్లు చాలావాటిలో పాజిటివ్ వైరు బాడీకి ఉండేది. ఇప్పటి కుర్రాళ్ళు అలవాటు చొప్పున నెగెటివ్ బిగిస్తే డైనమో దెబ్బతింటుంది. ముందు చూసుకుని బిగించాలి. పెట్రోలు కూడా మారింది. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది, ఇప్పుడు నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలుస్తున్నది. చెరకు మడ్డినుంచి తీసే ఆ సారు మన ఉయ్యూరు రైతుకు మంచిదే గాని, హెరాల్డు కాలపు రబ్బరు గొట్టాలకు, పంపులోని పొరకు పడదు, తేమను కూడా పీలుస్తుంది. గొట్టాలన్నీ కొత్తవి వేయించి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ పెట్టకుండా ఉంటే చాలు. అసలైన కన్వర్టిబుల్ ఉన్నవారు గుడ్డ టాపును తడిగా ఉండగా మడవకండి, మన గాలికి వారంలో బూజు పడుతుంది. షెడ్డులో నేల సిమెంటు చేయించండి. వడ్లు, ఊక ప్రక్కన పెట్టకండి. ఎలుకలు వైర్లు కొరికితే ఆ ఖర్చు ముందు ఇంజను ఖర్చు చిన్నది.

ఆ మేస్త్రీగారే నాలుగు చోట్ల మనుషుల్ని పంపారు. రెండు నెలల తరువాత గుంటూరు వైపు ఒక పాత సామాన్ల దొడ్లో ఎర్ర రంగు టాపు ఒకటి దొరికింది. వెనక అద్దం లేదు, చూరు మీద చిన్న సొట్ట. లారీలో వేయించుకుని వచ్చారు. బోల్టు కన్నాలు ఒకదానికొకటి సరిగ్గా కలిశాయి. నీలం కారు మీద ఎర్ర టాపుతో కొంతకాలం తిరిగింది, ఇపుడు రంగు వేయించారు. నిరభ్యంతర పత్రం వచ్చింది, తనిఖీ అయింది. వింటేజి దరఖాస్తు పెట్టాలా, రోజూ తిప్పుకునేలా ఉంచుకోవాలా అన్నది తండ్రీ కొడుకులు ఇంకా తేల్చుకోలేదు.

మొన్న వీరమ్మతల్లి తిరుణాళ్ళ రోజుల్లో అబ్బాయి ఆ కారులో మా ఇంటికి వచ్చాడు. మా అక్కయ్య నా దగ్గరే ఉంటున్నది, ఎనభై అయిదు దాటాయి. కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి చాలాసేపు చూసింది. ముందు సీట్లో కూర్చోమని అబ్బాయి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె కదలలేదు.

"కాగితాలు నీ పేర అయ్యాయా నాయనా?" అని అడిగింది.

అయ్యాయని అతను ఫోనులో చూపించబోయాడు. ఆమెకు కంటిచూపు ఆనదు. నా వైపు తిరిగింది. నేను ఫోను తీసుకుని, పేరు, నంబరు, బాడీ రకం, అన్నీ పైకి చదివాను. అపుడు ఎక్కి కూర్చుంది.

వాళ్ళు పుల్లేరు వంతెన దాకా వెళ్ళి వచ్చారు.